తడి మూల

పొద్దుటి నుంచి కాగితాలు తిప్పీ తిప్పీ సుహాసినికి చెయ్యి లాగేస్తోంది. దోహా యూనివర్సిటీ లైబ్రరీలో, అరుదైన పుస్తకాల గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. ముందున్న పాత జపాన్ చేతిరాత పుస్తకం రేపు వాళ్ళ దేశానికి తిరిగి వెళ్ళిపోతుంది. ఇవాళే చదవడం ముగించాలి. ఈ కాగితాలు ఎవరైనా తిప్పిపెడితే బాగుండుననుకుంది.

నిద్రమత్తులో, చిన్నప్పటి అలవాటు కొద్దీ, వేలు నాలుకకు అద్దుకుని కాగితం తిప్పేసింది. ఎవరైనా చూస్తే మళ్ళీ ఈ గది గడప తొక్కనివ్వరు. గబగబా ఆ మూలను ఊది ఆరబెట్టింది.

తర్వాతి కాగితాన్ని పొడి వేలితో పట్టుకుంది. దాని మూల అప్పటికే తడిగా ఉంది. ఆ తర్వాతిదీ అంతే.

"నర్సింగన్నా," అని తలుపు దగ్గరున్న గార్డును పిలిచింది. "నాకంటే ముందు ఇది ఎవరైనా చూశారా?"

"ఎవ్వలు రాలే మేడం. వారం సంది మీరొక్కరే. జర జల్ది కానియ్యుండ్రి, తాళమెయ్యాలె."

అతని బూట్ల చప్పుడు వరండాలో దూరమైంది. గదిలో ఏసీ ఆగిపోయింది.

ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ దగ్గర, నాలుకకు వేలు తగిలిన చిన్న చప్పుడు. ఆమె చూస్తుండగానే కాగితం తిరిగింది.