మామ పరీక్ష

"ఈ హాల్ టికెట్‌లో ఉండేది నువ్వేనా?"

కన్యకమ్మ గొంతుకు గదిలో పెన్నులన్నీ ఆగిపోయాయి. ఆ పూట ఇన్విజిలేటర్ ఆమే.

"నేనే మేడం. పాత ఫొటో."

"పాత ఫొటోలో ముసలోడివి, ఇప్పుడు పడుచోడివా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్విన వాళ్ళ పేపర్ కూడా లాగేస్తానని కన్యకమ్మ అటు తిరిగి ఒక్క అరుపు అరిచింది.

ఫొటోలో ఉన్నాయనకు నలభై అయిదేళ్ళకు తక్కువుండవు. బుర్ర మీసాలు, బండ చెంపలు. పేరు జయరాం. బెంచీలో కూర్చున్నవాడికేమో మీసకట్టు కూడా సరిగ్గా రాలేదు. కనీసం ఈడూ జోడూ కలిసినవాణ్ణి పంపుదామన్న ఇంగితం కూడా లేదు! అడిగేవాళ్ళెవరున్నారులే అన్న పొగరు. ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీదున్న ఆ కాలేజీలో దూరవిద్య పరీక్షలంటే జనానికి అంత లోకువైపోయింది.

పైగా అది అలాంటిలాంటి పరీక్ష కాదు, క్రిమినల్ జస్టిస్ డిగ్రీ పరీక్ష. నేరమంటే ఏమిటో, న్యాయమంటే ఏమిటో చదివి రాయాల్సిన చోటే ఇంత దొంగతనం! కన్యకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి చేతిలోంచి జవాబు పత్రం లాక్కుంది.

'అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి. ఇంట్లోవాళ్ళకు కబురు చెయ్యాలి...'

కాగితం చిరిగేలా ఒత్తి ఒత్తి రాశాడు. ఒక్క తప్పు లేదు. అది చూసి ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

"ఇంత బాగా తెలిసినోడివి, నీకీ ముదనష్టపు పని ఎందుకురా? నీ అసలు పేరేంది?"

"రామాంజి మేడం. మాది కౌతాళం కాడ. ఈ డిగ్రీ నేను పోయినేడే పాసైనా."

"అయితే కూలికి రాస్తాండావా?"

"లేదు మేడం. మా... మా మామ రాయమన్నాడు."

"మేనమామా? పిల్లనిచ్చిన మామా?"

రామాంజి కిటికీ వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "ఎవరడిగినా మామ అనే సెప్పమన్నాడు మేడం."

"చెప్పమన్నాడా! సిగ్గులేక వరస కూడా దాచుకుంటాండాడా? ఈ వయసులో డిగ్రీ ఎందుకంట ఆయనకు?"

"పైపోస్టు వస్తాదంట."

"మరి నీకేం వస్తాది?"

"ఇంటికి పంపిస్తానన్నాడు మేడం. పరీక్ష బాగా రాస్తే సాయంత్రానికే పంపిస్తాడంట. రాయకుంటే పంపడంట. నేనేమైపోయినానో అని మా యమ్మ ఏడుస్తాంటాది."

ఓహో, ఇల్లరికమన్నమాట! కన్యకమ్మకు వాడి మీద జాలి కలగాల్సింది పోయి అసహ్యం పుట్టింది.

"కన్నతల్లి మొగం చూసేదానికి మామ సెలవియ్యాల్నా? ఉప్పూ కారం తినడంలేదా నువ్వు?"

వాడు బెంచీలోంచి జారి, గోడవారగా గొంతుక్కూర్చుని తల వంచుకున్నాడు.

"లే పైకి! డిగ్రీ చదివినోడివి, ఆ కూర్చోడమేంది?"

"ఇంకొక్క గంట రాయనీండి మేడం. మీ కాళ్ళు మొక్కుతా. నన్ను ఇంటికి పోనీండి."

"నీ మామ యాడుండాడు?"

"గేటు కాడ. నేను రాసేదాకా కదలడు."

"పద! అల్లుని చేత దొంగపరీక్ష రాయించే ఆ పెద్దమనిషిని నేనూ చూస్తా. ఇద్దర్నీ కలిపి పోలీసులకు పట్టిస్తా."

"పోలీసులొద్దు మేడం!" రామాంజి గొంతు కీచుమంది. "ఏమన్నా సేయండి, పోలీసులకు మాత్రం సెప్పొద్దండి."

"ఆ బయం పెన్ను పట్టుకోకముందు ఉండాల!"

పక్క గదిలో లెక్చరర్‌ను కాస్త చూస్తుండమని చెప్పి, కన్యకమ్మ వాడి మణికట్టు పట్టుకుని ఈడ్చింది. వాడు అబ్బా అని మూలిగాడు. "సుకుమారం ఒకటి మళ్ళీ!" అని తిట్టింది. దారంతా ఆమె నోరు మూతపడలేదు. ఇలాంటి వాళ్ళ వల్లే చదువు నాశనమైపోయిందంది. చట్టం చదివినవాడే చట్టాన్ని మింగేస్తే ఇంక సామాన్యులకు దిక్కెవరంది. రామాంజి కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు.

గేటు బయట మామ లాంటివాడెవడూ కనిపించలేదు. ఒక జీపు ఆగి ఉంది. దానికి ఆనుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ఖాకీ బట్టల్లో ఒకాయన తలొంచుకుని ఉగ్గాని, బజ్జీ తింటున్నాడు. పోలీసును చూడగానే కన్యకమ్మకు ప్రాణం లేచొచ్చింది. అవసరానికి అందుబాటులో ఉండే పోలీసును ఆమె చూడడం అదే మొదటిసారి.

"సార్, సమయానికి ఉండారు! ఈ పిల్లోడు ఇంకొకరి పరీక్ష రాస్తా దొరికినాడు. రాయించినోడు వీని మామంట, ఈడే యాడో నక్కినాడు. ముందు ఆ దొంగనాయాల్ని పట్టుకోండి!"

అంటూ రామాంజిని ముందుకు తోసింది.

పోలీసాయన తాపీగా చివరి బజ్జీ నమిలి మింగాడు. టోపీ తీసి జీపు మీద పెట్టి, బుర్ర మీసాలకంటిన నూనెను చేతిరుమాలుతో తుడుచుకున్నాడు. కన్యకమ్మ వైపు చూడనైనా చూడలేదు.

"ఏమల్లుడా, సగంలోనే లేసొచ్చినావే? ఇంక ఇంటికెందుకులే, పద, మళ్ళా లాకప్పుకే పోదాం."