కవరు అడగని ఊరు

"ఇదంతా ఇంట్లో కూర్చుని రాసేశావు కదూ?" అంది ఫోన్ తెర మీది బిందుమాధవి మేడమ్.

ఆన్‌లైన్ ఎం.ఏ.లో మహేక్ రాసిన ఆఖరి ప్రాజెక్టు గురించే ఆ మాట. సబ్జెక్టు బిహేవియరల్ ఎకనామిక్స్. బజార్లో మనిషి తన తెలివితో నడుస్తున్నాననుకుంటూ, నిజానికి అలవాటు చెప్పినట్టు ఎలా నడుస్తాడో చెప్పే చదువు. ప్రాజెక్టు తిప్పికొడితే డిగ్రీ రాదు. దొంగ లెక్కలని ముద్ర పడితే మళ్ళీ రాసుకునే దారి కూడా ఉండదు.

ఆమె చేసిన ప్రయోగం చిన్నదే. అనకాపల్లి బజార్లో అత్తగారు ఖమర్జహాన్‌కి గాజుల కొట్టుంది. ఒక నెల గాజులు కొన్న ప్రతివాళ్ళకీ అడక్కుండానే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. మరుసటి నెల నుంచి కవర్లు మేకుకి తగిలించి, అడిగినవాళ్ళకే ఇస్తామన్నట్టు ఊరుకున్నారు. ఇప్పటికీ అలాగే నడుస్తోంది. ఎంతమంది కవరు మానేస్తారో చూడాలి, అంతే. కాకపోతే ఇది ప్రయోగమని కొనేవాళ్ళకి తెలియకూడదు. ఆ సంగతి మహేక్ మొదటిరోజే అత్తగారికి చెప్పింది. ఆవిడ బుద్ధిగా తలూపింది కూడా.

మేడమ్ గొడవల్లా రెండో నెల గురించే. ఆ నెలంతా ఒక్కరంటే ఒక్కరు కవరు అడగలేదని మహేక్ రాసింది. సగం మంది మానేశారంటే నమ్ముతాను గానీ ఊరు ఊరంతా మానేసిందంటే ఎలా నమ్మమంటావని మేడమ్ అడిగింది. ఏళ్ళ తరబడి ఈ పాఠమే చెబుతున్నాననీ, మనుషులనేవాళ్ళు ఎక్కడా అలా ఉండరనీ అంది.

"జరిగిందే రాశాను మేడమ్," అంది మహేక్.

"అయితే ఇప్పుడే చూపించు."

చేసేది లేక మహేక్ ఫోన్‌ని గాజుల డబ్బాల మధ్య, బల్ల కనపడేలా నిలబెట్టింది. మేడమ్ గొంతు బయటికి రాకుండా చేసింది. ఒక్కరు కవరు అడిగినా చదువంతా గంగలో కలిసినట్టే. పక్కనే డబ్బాల దుమ్ము దులుపుతూ ఖమర్జహాన్ అంతా వింటోంది.

"బయపడకు బేటీ. మన కొట్టుకొచ్చేవోళ్ళు మంచోళ్ళు," అంది.

మొదట చంద్రమౌళి వచ్చాడు. భార్యకి రెండు డజన్ల మట్టిగాజులు తీసుకున్నాడు. అలవాటుగా కవర్ల వైపు చెయ్యి చాపి, మధ్యలోనే వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. తర్వాత హెల్మెట్ తిరగేసి అందులో గాజులు సర్దుకున్నాడు. దాన్ని బండికి తగిలించుకుని, వట్టి తలతో ఎండలో పోయాడు.

కనకమహాలక్ష్మి తనకీ చెల్లెలికీ కలిపి కొంది. అన్నీ తన చేతులకే తొడిగెయ్యమంది. రెండు చేతులూ మోచేతి దాకా నిండిపోయి, మోచేతులు మడవలేక మరబొమ్మలా నడుచుకుంటూ వెళ్ళింది. మహేక్‌కి ఆ భయంలోనూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత, చీడికాడ నుంచి ఎప్పుడూ ఈ కొట్టుకే వచ్చి కొనే పైడితల్లిని చూసేసరికి నవ్వు ఆరిపోయింది. ఆవిడ చంకలో మనవరాలుంది. రెండో చేతిలో కొబ్బరికాయలు. ఆ పిల్ల కుదురుగా ఉండే రకం కాదు. పైగా కొన్నవి సన్నటి గాజులు. ఈవిడ కవరు అడక్కపోతే ఇంకెవరడుగుతారు? మహేక్ చదివిన పాఠాల ప్రకారమైనా ఈవిడ అడిగి తీరాలి.

పైడితల్లి కవర్లని చూసింది. ఖమర్జహాన్‌ని చూసింది. ఒక నిట్టూర్పు విడిచి కొబ్బరికాయలు కింద పెట్టి, గాజులు కొంగులో మూటగట్టుకుంది.

"పగిలిపోతాయేమో," అంది మహేక్, ఉండబట్టలేక.

"ఏటవదమ్మా. కొంగుంది గదా," అని పైడితల్లి పిల్లనీ కాయల్నీ ఎత్తుకుని మెట్టు దిగింది.

మహేక్ ఫోన్ అందుకునేసరికి మేడమ్ నవ్వుతోంది. హెల్మెట్ మనిషి దగ్గరే తన అనుమానం సగం పోయిందనీ, ఈవిడతో పూర్తిగా పోయిందనీ చెప్పింది. అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దంది. ప్రాజెక్టు పాస్ చేశానంది. వచ్చే బ్యాచ్‌కి మొదటి పాఠం అనకాపల్లితోనే మొదలుపెడతానని కూడా అంది.

ఫోన్ పెట్టేశాక మహేక్ స్టూలు మీద కూలబడింది. గుండెల మీది బరువంతా దిగిపోయి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. డిగ్రీ దక్కింది. అంతకంటే, అబద్ధాలకోరు అనిపించుకోకుండా బయటపడింది. ఎంత మంచి ఊరు ఇది, ఎవరూ చెప్పకుండానే ఇంత మంచి అలవాటు పట్టుకుంది అనుకుని పొంగిపోయింది. ఖమర్జహాన్ కోడలి నుదుట ముద్దుపెట్టి, ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టుకి వినపడేలా, మా మహేక్ పాసయిపోయిందని కేకేసింది.

ఆటో కోసం రోడ్డు వార నిలబడ్డ పైడితల్లి ఆ కేక విని వెనక్కొచ్చింది. మనవరాల్ని బల్ల మీద కూర్చోబెట్టింది. కొంగు ముడి విప్పి గాజులన్నీ ఖమర్జహాన్ ముందు పెట్టింది.

"పాసయిపోనాది గదా బీబమ్మా, ఇంకనైనా కవరిచ్చీ. ఎవులు కవరడిగినా మీ కోడలు ఫెయిలైపోద్దని నువ్వు బతిమాలేవని, ఇన్నాళ్ళూ ఊరందరం నోరు మూసుకున్నాం."