మోండాలో డెమో

“గీ టూలు క్లస్టర్ల ఎక్కించింది నేనే, శేట్. నిద్ర మొకం సూడలే,” అన్నాడు మేనేజరు విశ్వేశ్వర్, పెద్ద తెర ముందు నిలబడి.

వెనక కుర్చీలో కూర్చున్న అనుపమకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కించింది ఆమె. అనుమతులు కుదరక అది మొరాయించిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిందీ ఆమే. అప్పుడీ పెద్దమనిషి ఫోన్‌లో క్రికెట్ చూసుకుంటున్నాడు. డెమో నువ్వే ఇయ్యాలె, ఇస్తే టీమంతా నీ చేతికే అని ఊరించి, తీరా పొద్దున నాందేడ్ మోండా, అంటే ధాన్యం మార్కెట్, హాలు గడప దగ్గర, అందరూ వింటుండగా, “నువ్వు ఎనక కూసో. నోరు మాత్రం తెరువకు,” అన్నాడు.

సరే, నోరు తెరవను, చేతులున్నాయిగా అనుకుంది అనుపమ. ఒళ్లో లాప్‌టాప్ తెరిచింది.

ముందు వరసలో నాయ్‌గావ్, బిలోలి, కుండల్‌వాడి వ్యాపారులు కూర్చున్నారు. పసుపు, సోయాబీన్ వేలం ఇకమీదట ఫోన్లలో నడపాలని వాళ్ల ఆలోచన. వేలం ప్రోగ్రాం ఎక్కడో అద్దెకు తీసుకున్న క్లౌడ్ యంత్రాల గుంపులో, అంటే క్లస్టర్‌లో, కంటైనర్లనే చిన్న చిన్న డబ్బాల్లో నడుస్తుంది. ఆ డబ్బాలన్నిటినీ ఒక్క తెర మీద నుంచి కనిపెట్టుకుని ఉండేది ఈ కొత్త టూలు. వ్యాపారులు ఊ అంటే ఆర్డరూ, పేరూ విశ్వేశ్వర్‌కే.

కుండల్‌వాడి మార్కండేయ శేట్ లేచాడు. “మేము బస్తకు ఇనుప సువ్వ పొడిచి, లోపలి సరుకు అరచేతుల పోసుకోనిది సౌదా చెయ్యం. గిది నడుస్తున్నది, మంచిగనే ఉన్నది. వేలం నడుమల పడిపోతే ఎట్ల?”

“పడది, శేట్.”

“అమ్మేటోళ్లు అందరు గట్లనే అంటరు.”

ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. పొద్దున అంత మాట అన్నవాడు ఆమె అడ్మిన్ హక్కులు తీసేయడం మాత్రం మరిచిపోయాడు. ఒక డబ్బాను ఆపితే క్లస్టర్ దాన్ని తనంతట తానే లేపుతుందని అనుపమకు తెలియంది కాదు. అందుకే, డబ్బాలు ఎన్ని ఉండాలి అని రాసి ఉండే గడిలోనే సున్నా కొట్టింది. నలుగురిలో నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో చూస్తాను అనుకుంటూ మీట నొక్కింది.

పెద్ద తెర మీద పసుపు ధరలు ఆగిపోయాయి. ఆ వెంటనే తెరంతా ఖాళీ అయింది.

“ఏమాయె, పడ్డదా?” అన్నాడు మార్కండేయ.

విశ్వేశ్వర్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అనుపమ కడుపు చల్లబడింది. ఈ ఒక్క దృశ్యం కోసం ఉద్యోగం పోయినా పరవాలేదు అనిపించింది.

ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. తెర మీద ఒక గీత పచ్చబడింది, దాని కింద ఇంకొకటి. డబ్బాలన్నీ వరసగా లేచాయి. ధరలు ఆగిన చోటు నుంచే కదిలాయి. అనుపమ తన తెర చూసుకుంది. గడిలో సున్నా లేదు, పాత అంకె ఉంది. పళ్లు కొరుకుతూ మళ్లీ సున్నా కొట్టింది. మళ్లీ పడింది, మళ్లీ లేచింది. ఎవరు ఏది మార్చినా తిరిగి పాత స్థితికి తెచ్చే కాపలా సెట్టింగ్ ఒకటి ఆ టూలులో ఉంది. ఎక్కించేటప్పుడు ఆమె దాన్ని ఆఫ్‌లోనే ఉంచింది. ఇప్పుడది ఆన్‌లో ఉంది.

“గిట్ల పొడిచి సూపెట్టాలె మాల్,” అన్నాడు మార్కండేయ, పక్కవాళ్ల వైపు తిరిగి. “పడ్డది, లేచింది. మల్ల పడ్డది, మల్ల లేచింది. మాకు గిది చాలు. సౌదా పక్కా.”

వ్యాపారులు చాయ్ తాగడానికి బయటికి నడిచారు. విశ్వేశ్వర్ తీరుబడిగా వెనక వరసకు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఆ సెట్టింగ్ పొద్దుగాల నేనే ఆన్ చేసిన. నీ హక్కులు కావాలనే తియ్యలే,” అన్నాడు మెల్లగా. “నేనే పడగొట్టి నేనే లేపితే శేట్లు నాటకం అంటరు.”

అనుపమ ఒళ్లోని లాప్‌టాప్ టక్కున మూసింది.

“రేపు పర్భణీ మోండాల గిదే డెమో ఉన్నది,” అంటూ విశ్వేశ్వర్ లేచాడు. “గింతే కోపంతోని రా.”