చూసుకోలేదు

"కాస్త ఆ గుసగుస ఆపుతారామ్మా?" అన్నాడు చరిత్ర మాస్టారు, రిమోట్ నొక్కి బొమ్మ ఆపేసి.

తొమ్మిదో తరగతి మొత్తం వెనక్కి తిరిగింది.

చివరి బెంచీలో చూపులేని అమ్మాయి పక్కన కూర్చున్న ముసలావిడ చప్పున మాట మింగేసింది.

ఆవిడ ఆ పిల్లకు నానమ్మ. తెర మీద ఏం కనిపిస్తోందో మనవరాలి చెవిలో చెప్పడానికే వచ్చేది. ఎప్పుడూ మెడకు రుమాలు చుట్టుకుని ఉండేది. నోరు విప్పితే రేకు మీద ఇసక పోసినట్టు గరగర. పిల్లలు ఆవిడకు 'పాత రేడియో' అని పేరు పెట్టేశారు. మాస్టారు విని కూడా విననట్టు ఊరుకున్నాడు.

ఆయన తిప్పలు ఆయనవి. యూరప్ చరిత్ర అంటే చాలు, పిల్లలకు ఆవలింతలు. ఫ్రెంచి విప్లవం మొదలుపెడితే సగం క్లాసు కునికేది. ఆఖరికి మన భాషలోకి డబ్బింగ్ చేసిన ఒక పాత చారిత్రక సీరియల్ ఎక్కడో సంపాదించి, పెద్ద మేడమ్‌ను బతిమాలి, క్లాసులో తెర పెట్టించాడు.

దాంతో క్లాసు తీరే మారిపోయింది. రొట్టె ధర ఎందుకంత పెరిగింది, పన్నులన్నీ పేదవాళ్ళ నెత్తినే ఎందుకు పడ్డాయి, రాజు ఎందుకు పారిపోబోయాడు అని పిల్లలే ఎగబడి అడగడం మొదలుపెట్టారు. అన్నిటికన్నా వాళ్ళను కట్టిపడేసింది రాణి మాట. కోపంలో కూడా వీణ తీగలా పలికే ఆ గొంతును ఆడపిల్లలు వరండాలో అనుకరిస్తూ తిరిగేవాళ్ళు.

"పిల్లకి కనపడదు కదా సార్," అంది ముసలావిడ, ఒక్కో మాటా కూడగట్టుకుని.

"చెవులున్నాయి కదమ్మా, వింటే చాలు. రాణి అంత చక్కగా మాట్లాడుతుంటే మధ్యలో మీ గొంతు పడి అంతా పాడవుతోంది."

ఎవరో కిసుక్కుమన్నారు.

ఆవిడ తెర వంక ఒకసారి చూసింది. ఏదో అనబోయి మానేసింది. మనవరాలి తల నిమిరి బయటికి నడిచింది. ఆ తర్వాత మళ్ళీ క్లాసుకు రాలేదు.

ఇక ఏ అలికిడీ లేదు. మాస్టారికి హాయిగా ఉంది.

చివరి భాగం వేసిన రోజు, చేతులు వెనక్కి కట్టిన రాణిని బండిలో తీసుకొచ్చారు. ఆమె వధ్యవేదిక ఎక్కింది. "క్షమించండి అయ్యా, చూసుకోలేదు," అంది మెల్లగా. కాసేపటికి తెర చీకటైంది.

రాణి ఎవరిని క్షమించమంది, ఎందుకు అని మాస్టారు అడిగాడు. చేతులు లేచాయి. ఆయన చూపులేని అమ్మాయిని లేపాడు.

ఆ పిల్ల బెంచీ పట్టుకుని నిలబడింది.

"తెలీదు సార్. మాటైతే వినపడింది. ఏం జరిగిందో చెప్పేవాళ్ళు లేరు."

పొరపాటున తలారి కాలు తొక్కిందని ముందు బెంచీ వాళ్ళు అందించారు.

మాస్టారికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఉత్త చప్పుళ్ళు వింటూ చీకట్లో కూర్చుందన్నమాట. తను హాయనుకున్నది దాన్నన్నమాట.

గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయినా ఆ అమ్మాయి లేవలేదు. మాస్టారు వెళ్ళి పక్కన కూర్చున్నాడు. తప్పంతా తనదేనన్నాడు. రేపు నానమ్మను తీసుకొస్తే పిల్లలందరి ముందూ క్షమాపణ చెప్పుకుంటానన్నాడు.

"వచ్చినా నానమ్మ ఇంక బొమ్మ చెప్పలేదు సార్. గొంతులో గడ్డ మళ్ళీ వచ్చిందని పోయిన వారం ఇంకో ఆపరేషన్ చేశారు. ఆ గరగర కూడా పోయింది."

ఆ పిల్ల మాస్టారి చెయ్యి తడిమి పట్టుకుంది.

"చివరి సీను మళ్ళీ ఒకసారి వేస్తారా సార్?"

ఆయన గబగబా లేచి రిమోట్ అందుకున్నాడు. ఈసారి తెర మీద ఏం కనిపించినా తనే దగ్గరుండి చెబుతానన్నాడు, రాణి తెల్లగౌను మొదలుకొని జనం ముఖాల దాకా.

"వద్దు సార్, నాకు బొమ్మ అక్కర్లేదు," అంది ఆ పిల్ల, చెవి తెరవైపు తిప్పి. "ఎవరికీ చెప్పొద్దంది గానీ... ఆ రాణి గొంతు మా నానమ్మది."