దించిన బాణం

వేటకు పోయిన మగాళ్లు కొండ దిగుతున్నారు.

హుకుంపేట పైకొండల్లో ఇటికల పండగ, మగాళ్లంతా వేటకెళ్లే పండగ. ఉత్త చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. పాట కట్టి ఏడాదంతా పాడతారు.

అందరికంటే వెనక ఫల్గుణ వస్తున్నాడు. ఉత్త చేతులే.

గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి కాఫీ మొక్కలు నాటే పనికి వచ్చి, ఈ ఊళ్లో కనకను ఇష్టపడ్డాడు. కనకా ఇష్టపడింది. ఆమె తండ్రి సోంబరు ఊరిపెద్ద.

"పండక్కి వేట తెత్తే పిల్లనిత్తాను. నేదంటే నీ దారి నీది" అని ముందే చెప్పాడు.

కుందేలును కర్రకు కట్టుకుని సుక్రు ముందు నడుస్తున్నాడు. ఆకు కదిలితే చాలు, బాణం వదిలేసే రకం.

"పెద్ద దుప్పి. ఎదురుగా నిలబడింది. ఈడు బాణం లాగినట్టే లాగి దించీసేడు" అన్నాడు సుక్రు.

అందరూ నవ్వారు.

"ఇద్దరిదీ ఒకటే వయసు. ఒకడికి సెయ్యి ఆగదు, ఒకడికి సెయ్యాడదు" అన్నాడో ముసలాయన.

"ఏటయింది నీకు?" పేడనీళ్ల కుండతో ఎదురొచ్చింది కనక.

ఫల్గుణ నోరు తెరిచాడు. గుంపులోకి ఒకసారి చూశాడు.

"సెయ్యాడలేదు" అన్నాడు.

"నానక్కర్లేదని సెప్పొచ్చు కదా."

కుండలో పేడనీళ్లన్నీ అతని నెత్తిన కుమ్మరించింది కనకే.

అతను మొహం తుడుచుకున్నాడు. మూట సర్దుకుని ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు.

వానలు పడ్డాక మన్యమంతా జ్వరాలు. సంత నుంచి సుక్రు కబురు తెచ్చాడు.

"ఫల్గుణ పోయాడంట. మలేరియా."

"పిరికోడు" అంది కనక. ఆ మాట అన్నాక ఏడుపు ఆగలేదు.

పక్కన విస్తరి కుడుతున్న తల్లి రత్నాలు చేతులు ఆగిపోయాయి.

"అలాగనకే, గుంటా."

"మరేటనాలి? నన్ను కావాలనుకున్నోడు ఆ దుప్పిని వదిలేత్తాడా?"

రత్నాలు విస్తరి పక్కన పెట్టింది.

"పండగనాడు విస్తర్లకి ఆకులు సాల్లేదు. వేట రోజుల్లో ఆడది అడివికెల్తే తప్పు కడతారు, మీ అయ్య పెద్దరికం పోద్ది. ఎవరికీ సెప్పకుండా ఎల్లాను."

కనక తల ఎత్తింది.

"ఆడు నన్ను సూసేడు. ఊరందరి ముందూ నా పేరెత్తలేదు."

"అమ్మా..."

"ఆ దుప్పి ఎనకాల పొదలో ఉన్నది నానే."