నాగులమ్మకు వచ్చిన తంతి

"నాగులమ్మా, ముందు నేను జెప్పేది విను..."

పోస్టుమాస్టరు ధనంజయ మాట పూర్తి కానేలేదు. అతని చేతిలో తంతి కాగితం చూసిందే తడవు, నాగులమ్మ మగ్గం గుంటలోంచి లేచి, "ఎంత పని జేసినావయ్యా" అని గుండెలు బాదుకుంది.

అంతే. నగరి నేతవీధి మొత్తం మగ్గాలు ఆపి పరుగెత్తుకొచ్చింది. యుద్ధం రోజుల్లో ఆ వీధికి వచ్చిన మూడు తంతులూ చావు కబుర్లే. ఆమె మొగుడు మునస్వామి మద్రాసు వెళ్ళి నాలుగు రోజులైంది. ఇంకేం కావాలి? పక్కింటి చౌడమ్మ కబురేమిటని అడక్కుండానే శోకాలందుకుంది.

ధనంజయ నెత్తి కొట్టుకున్నాడు. టకటకమని వచ్చిన ఆ కబురును తన చేత్తో రాసుకున్నవాడు అతనే. మునస్వామి మద్రాసులో పెద్ద అంగడివాళ్ళతో బేరం కుదుర్చుకున్నాడు. వీధిలోని నూట ఇరవై చీరలూ వాళ్ళకే, అదీ రెట్టింపు ధరకు. మూట రేపటి రైలుకు ఎక్కితే చాలు, ఇక మీదట నూలూ వాళ్ళే ఇస్తారు.

మూట నాగులమ్మ ఇంట్లోనే ఉంది. కానీ ఈరోజు శుక్రవారం. కాసేపట్లో షావుకారు తులసీరాం బండి వస్తుంది, ఎప్పటిలాగే తన ధరకు ఊడ్చుకుపోతుంది. నూలు అప్పిచ్చేది అతనే, ఇవ్వనన్నవాడి మగ్గం మూలపడ్డట్టే. పోనీ ఆమెకు చెబుదామంటే, ఒకరి తంతి నలుగురిలో విప్పకూడదన్నది ఉద్యోగ ధర్మం. చెవిలో చెప్పబోతే ఆమె ఇంకో రాగం ఎత్తుకుంటుంది.

బండి రానే వచ్చింది.

"ఏందప్పా ఈ ఏడుపు?" అన్నాడు తులసీరాం.

"తంతి వచ్చిండాది" అంది చౌడమ్మ.

గడపలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు షావుకారు. అతని చీరలన్నీ పెళ్ళిళ్ళకు పోయేవి. మైల ఇంటి చీర పెళ్ళికూతురికి అంటగట్టాడని తెలిస్తే అతని అంగడి మెట్లు ఎక్కేవాళ్ళుండరు.

"మూట ఆడ్నే ఉండాది, తీసకపో సామీ" అంది నాగులమ్మ, ఏడుస్తూనే.

ధనంజయ గబగబా గడపకు అడ్డం వెళ్ళబోయాడు.

"వద్దు తల్లీ. నాకొద్దు. యాడన్నా అమ్ముకో, ఎవురికన్నా ఇచ్చుకో" అని అందరూ వింటుండగా చెప్పి, తులసీరాం బండి తిప్పించాడు.

బండి మలుపు తిరిగేసరికి ధనంజయకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నూట ఇరవై చీరలు, ముప్పై ఇళ్ళు, అన్నీ గట్టెక్కాయి. నాగులమ్మను లోపలికి పిలిచి నవ్వాపుకోలేకపోయాడు.

"ఏడుపు ఆపమ్మా. నీ మొగుడు గుండ్రాయి మాదిరి ఉండాడు. బేరం కుదిరింది. తంతంటే సావేనని ఎవురు జెప్పినారు నీకు? ఏదో ఈ పొద్దు నీ ఎర్రితనమే ఈదిని కాపాడింది గానీ."

నాగులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బేరం కుదిరితేనే తంతి కొట్టమని నేనే జెప్పి పంపినా, సామీ."