ఇనుప బాడీ

బండ్లకు బాడీ కట్టే మస్తాన్‌వలి తన బతుకును బుగ్గి చేశాడని ఓబులేసు కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. బోరు మోటార్లు పైకి లాగడం ఓబులేసు పని. ఇప్పటి బండ్లు తమ బరువు తామే తూచుకుంటాయి. ఒక్క కిలో ఎక్కువైనా కదలవు. కట్టించిన బాడీలోంచి ఒక్క మేకు పీకినా బండి కదలకుండా ఇంజనుకు తాళం పడిపోతుంది.

ఆ రోజు పైపులు, గొలుసు ఎక్కించగానే బండి మర్యాదగా పలికింది.

"యాభై కిలోలు ఎక్కువైంది. దయచేసి దించండి."

పనిలో అతనికి తోడుగా వచ్చే భార్య సుంకులమ్మ సీటు దిగింది. బండి కదిలింది.

"ఆ మస్తాన్‌గాడు ముందే చెప్పింటే ఇనుము పెట్టించుకుంటినా?" అన్నాడు ఓబులేసు, ఆమె నడకకు సమానంగా తోలుతూ.

"చెప్పకేం! అల్యూమినియమైతే సగం బరువు తగ్గుతాదన్నా అని మూడుమాట్లు చెప్పె. రేకుడబ్బా అని నలుగురూ నవ్వుతారు, మా నాయన లారీ మాదిరి ఇనుముతో కట్టు అంటివి. పైన రెండు సింహాలు గూడా పోత పోయిస్తివి."

"ఊరుకోవే."

"ఊరుకుంటాలే. సింహాలను ఎక్కించుకోని నన్ను నడిపిస్తాండావు."

సుంకులమ్మ అడ్డదారి పట్టి కందిచేనులోకి దిగింది. నిరుటిదాకా ఆ చేను వాళ్లదే. ఈ బండి కోసం, ఈ బాడీ కోసం ఓబులేసు దాన్ని మొత్తంగా అమ్మేశాడు. ఎకరా ముప్పై రెండు సెంట్లు.